పేకాటలో ఎవరి స్వభావానికి ఏ పద్ధతి?

(పత్తికొండలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం గదిలో పేకముక్కలు ఉంచాలా, తీసివేయాలా అన్న విషయం ఇప్పుడు కార్యవర్గం ముందున్నది. కారణం మీకు తెలిసినదే. మన సభ్యులొకరు తమ కమ్యుటేషన్ సొమ్ములో చాలా భాగం సెల్‌ఫోనులో రమ్మీ ఆడి పోగొట్టుకున్నారు. వారి అనుమతితోనే ఈ మాట ఎత్తుతున్నాను. ముక్కలు కంటికి కనపడకుండా చేస్తే సరి అని కొందరంటున్నారు. సాయంత్రం ఆ కాస్త కాలక్షేపం కూడా లేకపోతే ఎట్లా సార్ అని మరికొందరంటున్నారు. రెవెన్యూ శాఖలో గుమస్తాగా పనిచేసినవాణ్ణి గనుక దీన్ని ఫైలు నడిపినట్లే నడుపుతాను. ముందు వాస్తవాలు, తరువాత చట్టం, చివర నా అభిప్రాయం.

రమ్మీ అంటే అందరూ ఒకే ఆట అనుకుంటారు. పదమూడు ముక్కలు, ఒక అసలు సీక్వెన్సు, దానికి తోడు మరొక సీక్వెన్సు, మిగిలినవి జత కుదర్చడం, ఇంతవరకు ఒకటే. కాని లెక్క కట్టే పద్ధతులు మూడున్నాయి. ఆ మూడూ మూడు రకాల మనుషులకు సరిపోతాయి.

మొదటిది పాయింట్ల ఆట. ఏ ఆటకు ఆ ఆటే తెగిపోతుంది. ముక్కలు బాగా లేవని మొదట్లోనే పడేస్తే 20 పాయింట్లు, మధ్యలో పడేస్తే 40, చివరిదాకా పట్టుకుని ఏమీ కుదరకపోతే ఫుల్ కౌంట్ 80. ఏ రోజు టపా ఆ రోజే తేల్చే గుమస్తాలు మన ఆఫీసుల్లో ఉండేవారు కదా, అటువంటివారి ఆట ఇది. చేతిలో ముక్కలు చూసిన వెంటనే ఉండాలో లేవాలో తేల్చుకోగలగాలి. అయితే ఇందులో ఒక చిక్కున్నది. ఈ ఆటకు దానంతటది ముగింపు లేదు. లేచి వెళ్ళే నిర్ణయం ఆటగాడిదే. "ఇంకొక్క ఆట" అనే అలవాటున్నవారు దీని జోలికి పోకూడదు. పాయింటుకు రూపాయి అంటే వినడానికి చిన్న మాటే. నాలుగు ఫుల్ కౌంట్లు పడితే 320 రూపాయలు.

రెండవది పూల్ ఆట. 101కి గాని, 201కి గాని చేరినవారు ఆటలోనుంచి తప్పుకోవాలి, చివరికి మిగిలినవారిది గెలుపు. 101లో పడేసినప్పుడల్లా 20 చొప్పున అయిదుసార్లు పడేయవచ్చు, ఆరోసారికి వెళ్ళిపోవాలి. ఒక్క ఫుల్ కౌంట్ పడిందంటే ఇక ఒక్కసారి పడేయడానికే చోటుంటుంది. 201లో మొదట పడేస్తే 25, మధ్యలో అయితే 50. అంటే మొదట్లోనే పడేస్తూ పోతే ఎనిమిదిసార్లు నిలవవచ్చు. ఇది లెడ్జరు రాసేవారి ఆట. తన లెక్కతోపాటు ఎదుటివారి లెక్క కూడా చూసుకోవాలి. 95లో ఉన్నవాడు భయంతో ఆడతాడు, వాడు దించే ముక్కల్లో ఆ భయం కనపడుతుంది. ఓపిక, జ్ఞాపకశక్తి ఉన్నవారికి దీనికి మించినది లేదు.

మూడవది డీల్స్ ఆట. రెండో మూడో ఆటలు ముందే అనుకుని, అందరికీ సమానంగా చిప్పులు పంచుతారు. సాధారణంగా ఇందులో పడేసే వీలుండదు. చెడ్డ ముక్కలు వచ్చినా ఆడి తీరాలి. రాజు, రాణి, ఆసు వంటి పది పాయింట్ల ముక్కలు, జత కుదరవనిపిస్తే తొందరగా దించి, కౌంటు తగ్గించుకోవడమే నేర్పు. నచ్చని ఊరికి బదిలీ అయినా గొణగకుండా పనిచేసినవారికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఆరు గంటల బస్సు పట్టుకోవలసినవారికి కూడా!

మన మనుమలు చెప్పే పోకరులోనూ ఇవే తేడాలున్నాయి. ఎక్కువగా ఆడేదాన్ని టెక్సాస్ హోల్డెమ్ అంటారు. చేతిలో రెండు ముక్కలు, బల్లపై అందరికీ ఉమ్మడిగా అయిదు. క్యాష్ గేములో ఎప్పుడైనా కూర్చోవచ్చు, లేవవచ్చు, పోయినకొద్దీ డబ్బు తెచ్చి పెట్టవచ్చు. సిట్ అండ్ గో అనేది కుర్చీలు నిండగానే మొదలై ఒక్క ప్రవేశ రుసుముతో ముగుస్తుంది. టోర్నమెంటులో పందెం అంతకంతకూ పెరుగుతూ పోతుంది, చివరివాడు మిగిలేదాకా సాగుతుంది. మొదటిది మన పాయింట్ల ఆటకు చుట్టం. మిగిలిన రెండింటిలో మరల ప్రవేశం లేకుంటే పోయేదెంతో కూర్చునే ముందే తెలుస్తుంది.

ఇక చట్టం సంగతి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ మూడు ముక్కలాటలా కేవలం అదృష్టం మీద ఆధారపడినది కాదని, ముక్కలు గుర్తుంచుకోవడం, దించడంలో నేర్పు కావాలని చెప్పింది. తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతికే జనాన్ని మనం ఏటా చూస్తున్నాం. కాలికి రాయి తగలడం అదృష్టం, తగిలిన రాయిని గుర్తుపట్టడం నేర్పు. రమ్మీలో ఈ రెండో పాలు ఎక్కువని కోర్టు మాటకు నేను చెప్పుకునే అర్థం. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పు ఆటా అదృష్టం ఆటా అన్న తేడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది.

నేర్పు ఆట అయినప్పుడు ఎందుకింత కట్టడి అని అడగవచ్చు. గదిలో ఆట అయ్యాక ముక్కలు పోగు చేసి, కలిపి, పంచి, చీటీ మీద లెక్క రాస్తాం. ఎవరో ఒకరు టీ తెప్పిస్తారు. ఆ కాస్త సేపట్లో బుద్ధి చల్లబడుతుంది. చాలిక, ఇంటికి పోదాం సార్ అనే మనిషి పక్కనే ఉంటాడు. ఫోనులో ఆ విరామమూ లేదు, ఆ మనిషీ లేడు. మన మిత్రునికి నేర్పు తక్కువ కాదు, మన గదిలో ఆయన్ను ఓడించినవారు అరుదు. ముగింపు లేని ఆటను, ఆపేవారు లేని చోట, అర్ధరాత్రి ఒంటరిగా ఆడారు. అదే కొంప ముంచింది.

కాబట్టి నా అభిప్రాయమిది. ముక్కలు గదిలోనే ఉండాలి. అక్కడ తీసివేస్తే మనిషి ఫోను దగ్గరకే పోతాడు. రోజూ 101 పూల్, సెలవు రోజుల్లో 201, తొందరగా వెళ్ళేవారికి రెండు డీల్స్. పాయింట్ల ఆట ఆడదలిస్తే ఎన్ని ఆటలో ముందే చీటీపై రాసుకుని ఆడాలి. ఎందులోనూ డబ్బు ఉండరాదు, లెక్క కాగితం మీదనే ఉండాలి. ఇంకొక మనవి. నష్టపోయిన మన మిత్రుణ్ణి ఎవరూ ఎత్తిపొడవకండి. సాయంత్రం అయిదు గంటలకు వారి కుర్చీ వారికి ఖాళీగా ఉంచండి. పక్కన కూర్చోవడానికి నలుగురున్నంతకాలం చేతిలో ఫోను అవసరం తగ్గుతుంది.

ఇంట్లో ఆడవాళ్ళకు, పిల్లలకు కూడా ఈ మాటలు చదివి వినిపించండి. సెలవు.