ఆట ఒకటే, విలువ వేరా?



1920లో లివర్‌పూల్‌లో జరిగిన స్త్రీల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్లకు తగదంటూ తన క్లబ్బుల మైదానాలను వాళ్లకు మూసేసింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు సాగింది.

2023 మే 14న అదే సంఘం నడిపే మహిళల ఎఫ్.ఎ. కప్ ఫైనల్ చూడడానికి వెంబ్లీ స్టేడియానికి 77,390 మంది వచ్చారు. మాంచెస్టర్ యునైటెడ్‌పై 1-0తో చెల్సీ గెలిచింది. ఫైనల్ గెలిచినందుకు వాళ్లకు దక్కింది లక్ష పౌండ్లు. ఆ ఏడాది పురుషుల ఫైనల్ విజేతలకు 20 లక్షలు!

'ఆడవాళ్ల ఆట ఎవరు చూస్తారు?' అంటారు. చూసే జనం ఉన్నప్పుడు తలుపులు మూసిందెవరు? ఎదగనివ్వకుండా తొక్కిపెట్టి, ఎదగలేదని తక్కువ ఇవ్వడం ఏం న్యాయం? పొలంలో కూలి దగ్గర మనం వింటున్నదీ ఈ మాటే కదా!

మరుసటి సీజన్‌కి మహిళల కప్ బహుమతి నిధి 30 లక్షల పౌండ్ల నుంచి 60 లక్షలయింది. సంతోషమే. సమానత్వం మాత్రం ఇంకా రాలేదు.