లైసెన్స్ వచ్చింది, మొదటి కంపెనీ ఏది?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో లారీ నడిపేవాళ్ళు కొందరున్నారు, నేర్చుకుంటున్నవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. వేర్‌హౌస్‌లో పికింగ్ చేస్తూ, బయట వరుసగా నిలబడ్డ లారీలను చూసి "మనమూ ఆ సీట్లో కూర్చుంటే బాగుండు" అనుకున్నవాళ్ళే చాలామంది. టెస్టు ఎలా పాసవ్వాలో చెప్పమని కార్యవర్గం నన్ను అడగలేదు. అది ట్రైనింగ్ స్కూలువాళ్ళు చెబుతారు. పాసైన మర్నాడు ఏ కంపెనీ గేటు తట్టాలో చెప్పమన్నారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మొదటి కంపెనీని గంటకు ఎన్ని పౌండ్లు ఇస్తుందో చూసి ఎంచుకోకండి. కొత్తవాణ్ణి కొత్తవాడిగా ఉండనిస్తుందా లేదా, అది చూసి ఎంచుకోండి. మిగతాదంతా ఈ మాటకు వివరణే.

మన వైపు లారీ పని ఎలా నేర్చుకునేవాళ్ళో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కుర్రాడు ముందు క్లీనర్‌గా ఎక్కుతాడు. టైర్లు తట్టి చూస్తాడు, అద్దాలు తుడుస్తాడు, రివర్స్ చేసేటప్పుడు వెనక నిలబడి "రానీ, రానీ" అంటాడు. డ్రైవరు పక్కన ఏళ్ళ తరబడి కూర్చుని, తిట్లు తిని, అప్పుడు స్టీరింగ్ పట్టుకుంటాడు. ఆ పద్ధతిలో లోపాలు బోలెడు. కానీ ఒక మంచి ఉంది: మొదటిసారి బండి నడిపేటప్పుడు పక్కన తెలిసినవాడు ఉంటాడు.

ఇక్కడ క్లీనర్ లేడు. కొద్ది రోజుల ట్రైనింగ్, ఒక టెస్టు, చేతిలో కార్డు. 2021 నవంబరు నుంచి ముందు రిజిడ్ లారీ టెస్టు పాసవ్వకుండానే నేరుగా ఆర్టిక్ టెస్టుకు వెళ్ళవచ్చు. అంటే నిన్నటిదాకా కారు నడిపినవాడు ఇవాళ 44 టన్నుల బండి తీసుకుని ఒంటరిగా ఏ14 మీద ఫీలిక్స్‌స్టో పోర్టుకు వెళ్ళడానికి కాగితం మీద అర్హుడే. కాగితానికీ చేతికీ మధ్య ఉన్న ఆ ఖాళీని నింపాల్సింది మొదటి కంపెనీ. నింపకపోతే ఏమవుతుందో ఒక నిజమైన కేసు చెబుతాను.

2015 ఫిబ్రవరి 9న బాత్ నగరంలో లాన్స్‌డౌన్ లేన్ అనే నిటారు రోడ్డు మీద ఒక టిప్పర్ బ్రేకులు పట్టక దూసుకొచ్చింది. నలుగురు చనిపోయారు. వాళ్ళలో ఒక పాపకు నాలుగేళ్ళు. నడుపుతున్న కుర్రాడికి 19 ఏళ్ళు. లారీ టెస్టు పాసై కొద్ది రోజులే అయింది. కేసు బ్రిస్టల్ క్రౌన్ కోర్టులో నడిచింది. 2016 డిసెంబరులో జ్యూరీ ఆ కుర్రాణ్ణి నిర్దోషి అంది. కంపెనీ యజమానినీ మెకానిక్‌నీ నలుగురి మరణానికి బాధ్యుల్ని చేసింది. మర్నెల యజమానికి ఏడున్నర ఏళ్ళు, మెకానిక్‌కు అయిదేళ్ళ మూడు నెలలు జైలు పడింది.

కుర్రాడు బయటపడ్డాడు కదా అని మనం తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. నిర్దోషి అన్న ఒక్క మాట వినడానికి అతనికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆ కొండ రోడ్డు మీద జరిగింది మాత్రం ఏ తీర్పుతోనూ పోదు. మొదటి యజమాని ఎవరన్న ప్రశ్నకు ఉన్న బరువు ఇదీ.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వద్దాం. పాసైనవాళ్ళు అందరూ చెప్పే మాట ఒకటే: "ఎక్కడికి వెళ్ళినా రెండేళ్ళ అనుభవం అడుగుతున్నారన్నా." నిజమే. కంపెనీల ఇన్సూరెన్స్‌లో చాలావాటికి ఆ షరతు ఉంటుంది. ట్రైనింగుకు వేల పౌండ్లు అప్పు చేసినవాడికి నాలుగు చోట్ల కాదనిపించుకున్నాక, అయిదోవాడు "రేపే రా" అంటే దేవుడిలా కనిపిస్తాడు. అక్కడే ఆగాలి. ఏమీ అడగకుండా, ఒక్కసారి కూడా నడిపించి చూడకుండా తాళాలు చేతిలో పెట్టేవాడు మీకు ఉపకారం చేయడం లేదు. పాత డ్రైవర్లు వద్దన్న బండినో, వద్దన్న డ్యూటీనో మీకు అంటగడుతున్నాడేమో చూసుకోండి.

మరి కంపెనీని ఎలా పరీక్షించాలి? ఫీజులేమీ లేని పద్ధతులు నాలుగు చెబుతాను.

మొదటిది, ఆపరేటర్ లైసెన్స్. మూడున్నర టన్నులు దాటిన బండితో సరుకు రవాణా చేసే కంపెనీకి, కొన్ని మినహాయింపులు తప్ప, ట్రాఫిక్ కమిషనర్ ఇచ్చిన లైసెన్స్ ఉండి తీరాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో కంపెనీ పేరు కొట్టి చూడవచ్చు. లైసెన్స్ ఉందా, ఎన్ని బండ్లకు ఉంది, ట్రాన్స్‌పోర్ట్ మేనేజరు ఎవరు అన్నది కనిపిస్తుంది. లారీ అద్దం మీద గుండ్రటి డిస్క్ ఉంటుంది. నారింజ రంగైతే సొంత సరుకు మాత్రమే మోసే లైసెన్స్. నీలం అయితే ఈ దేశంలో కిరాయికి మోయవచ్చు. ఆకుపచ్చ అయితే విదేశాలకు కూడా. నారింజ డిస్క్ పెట్టుకుని ఊళ్ళోవాళ్ళందరి సరుకూ కిరాయికి మోస్తున్నాడంటే ఆ ఇంట్లో మిగతా లెక్కలూ అలాగే ఉంటాయి.

రెండోది, యార్డు. ఇంటర్వ్యూకు అరగంట ముందు వెళ్ళండి. టైర్లు చూడండి, లైట్లు చూడండి, పగిలిన అద్దాలకు టేపు వేసి ఉందేమో చూడండి. ఉదయం బయల్దేరే డ్రైవర్లు బండి చుట్టూ తిరిగి చెక్ చేస్తున్నారా, ఎక్కగానే పోతున్నారా చూడండి. చెక్‌కు ఇచ్చే పది పదిహేను నిమిషాలకు జీతం కట్టని కంపెనీ, చెక్ చేయొద్దని నోటితో అనకుండానే అన్నట్టు లెక్క. అక్కాచెల్లెళ్ళు ఎవరైనా ఈ పనిలోకి వస్తుంటే టాయిలెట్లు, రాత్రి బండి నిలిపే చోటు కూడా అడిగి చూడండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మూడోది, అక్కడి డ్రైవర్లు. గేటు దగ్గర టీ తాగుతున్న ఒకాయన్ని పలకరించండి. "బండిలో లోపం ఉందని రాస్తే ఏం చేస్తారండీ?" అని అడగండి. "బాగుచేసేదాకా వేరే బండి ఇస్తారు" అంటే మంచి చోటు. నవ్వి ఊరుకుంటే జవాబు వచ్చేసినట్టే.

నాలుగోది, ఇంటర్వ్యూలో మీరు అడిగే ప్రశ్నలు. వాళ్ళే మనల్ని అడగాలి, మనం తలవంచుకుని కూర్చోవాలి అనుకోవద్దు. నన్ను ముందు నడిపించి చూస్తారా? పాత డ్రైవరుతో ఎన్ని రోజులు పంపిస్తారు? నేను వెళ్ళే చోట్ల రివర్స్ చేయడం కష్టమైనవి ఏవి? మొదటి నెల రూట్లు ఎవరు నిర్ణయిస్తారు? బండికి గీత పడితే నా జీతంలో కోస్తారా? కాంట్రాక్టులో రాసి ఉంటే తప్ప, లేదా మీరు ముందుగా రాసి ఒప్పుకుంటే తప్ప అలా కోయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి సంతకానికి ముందు ఆ పేరా వెతికి చదవండి. ట్రైనింగు ఖర్చు కంపెనీయే పెడితే, ఎన్నేళ్ళు ఉండాలి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి అన్నది కూడా అక్కడే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. ఏజెన్సీలు కొత్తవాళ్ళను తీసుకుంటాయి, అది నిజం. రకరకాల బండ్లు, రకరకాల డిపోలు చూడవచ్చు. కానీ కొన్ని ప్రకటనలు అరచేతిలో వైకుంఠం చూపిస్తాయి. ఆ రేటు అంబ్రెల్లా కంపెనీ ద్వారా అయితే, యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్, అంబ్రెల్లావాడి కమీషను అందులోంచే పోతాయి. సెలవు జీతం కూడా అందులోనే కలిపి చూపిస్తారు కొందరు. 2020 ఏప్రిల్ నుంచి ఏజెన్సీ మీ సంతకానికి ముందే ఒక ముఖ్య సమాచార పత్రం ఇవ్వాలి. చేతికి ఎంత వస్తుందో నమూనా లెక్క అందులో ఉంటుంది. అది అడగండి. ఉద్యోగం చూపించినందుకు ఏజెన్సీ మీ దగ్గర రుసుము తీసుకోకూడదు. ఒకే చోట ఒకే పని 12 వారాలు చేస్తే, అక్కడి సొంత డ్రైవర్లతో సమానమైన మూల వేతనం మీ హక్కు.

"నీ పేరు మీద లిమిటెడ్ కంపెనీ పెట్టుకో, పన్ను మిగులుతుంది" అని ఎవరైనా అంటే జాగ్రత్త. బండి వాళ్ళది, డీజిలు వాళ్ళది, టైము వాళ్ళది, మాట వాళ్ళది. అలాంటప్పుడు మీరు సొంత వ్యాపారి ఎలా అవుతారు? సొంత లారీ లేని డ్రైవరు స్వయం ఉపాధి కిందికి రావడం చాలా అరుదని పన్ను శాఖే చెబుతుంది. సెలవు జీతం, సిక్ పే పోతాయి. తర్వాత పన్ను నోటీసు వస్తే మీ ఇంటికే వస్తుంది.

వీసా మీద ఉన్నవాళ్ళకు ఇంకో మాట. స్టూడెంట్ వీసాలో స్వయం ఉపాధికి అనుమతి లేదు. డిగ్రీ చదివేవాళ్ళకు కూడా టర్మ్ సమయంలో వారానికి 20 గంటలే. ఆ 20 గంటలు దాటించి "నగదు ఇస్తాలే" అనేవాడు మీ వీసాను తన జేబులో పెట్టుకుంటున్నాడు. మీ వీసా షరతులు ముందు చదువుకోండి, తర్వాత లారీ సంగతి. మన ఊరి హెవీ లైసెన్స్‌ను ఇక్కడ మార్చుకునే వీలు లేదని కూడా గుర్తుంచుకోండి. ఇక్కడి కారు లైసెన్స్ నుంచి మొదలుపెట్టాల్సిందే.

తర్వాత గంటలు. ఇవి నోటికి వచ్చి ఉండాలి. నాలుగున్నర గంటల డ్రైవింగుకు 45 నిమిషాల విరామం. రోజుకు 9 గంటల డ్రైవింగ్, వారంలో రెండుసార్లు 10. వారానికి 56, వరుసగా రెండు వారాలకు కలిపి 90. రోజూ 11 గంటల విశ్రాంతి, రెండు వారపు విశ్రాంతుల మధ్య మూడుసార్లు మాత్రం 9కి తగ్గించవచ్చు. మొత్తం పని సగటున వారానికి 48 గంటలు, ఏ ఒక్క వారంలోనూ 60 దాటకూడదు. వేరే ఉద్యోగాల్లోలా ఈ 48 వద్దని సంతకం పెట్టడం కుదరదు. అలాంటి కాగితం ముందు పెట్టే కంపెనీకి నియమాలు తెలియవు, లేదా మీకు తెలియవని అనుకుంటోంది.

"ఇంకొక్క డ్రాపే కదా, వేరేవాడి కార్డు పెట్టి వచ్చెయ్" అనే మాట ఎప్పుడైనా వినిపిస్తే, ఆ రోజే మీ చివరి రోజు అనుకోండి. టాకోగ్రాఫ్‌లో తప్పుడు రికార్డు సృష్టిస్తే జైలు దాకా వెళ్ళే నేరం. డీవీఎస్‌ఏవాళ్ళు రోడ్డు మీద ఆపితే గత 28 రోజుల తప్పులకు కూడా అక్కడికక్కడే జరిమానా వేయగలరు. ట్రాఫిక్ కమిషనర్ డ్రైవర్ని పిలిపించి లారీ లైసెన్స్ ఆపగలరు, తీసేయగలరు. అప్పుడు ప్లానరు వచ్చి మీ పక్కన నిలబడడు. ఉద్యోగం వాళ్ళది, లైసెన్స్ మనది.

కాదని ఎలా చెప్పాలి? గొడవ పడక్కర్లేదు. "సారీ, ఐ యామ్ అవుట్ ఆఫ్ అవర్స్." "దిస్ వెహికిల్ ఈజ్ నాట్ సేఫ్, ఐ హావ్ రిపోర్టెడ్ ఇట్." ఈ రెండు వాక్యాలు చాలు. చెప్పాక అదే మాట మెసేజ్‌లో కూడా పంపండి, రుజువు ఉంటుంది. తీవ్రమైన ప్రమాదం ఉందని నిజంగా నమ్మి బండి తీయనన్న ఉద్యోగిని దానికోసమే తీసేస్తే, చేరిన మొదటి రోజు నుంచే చట్టం రక్షణ ఇస్తుంది. సలహాకు ఏకాస్ హెల్ప్‌లైన్ ఉంది, ఉచితం: 0300 123 1100. యునైట్, యూఆర్‌టీయూ లాంటి సంఘాల్లో చేరడం కూడా మంచిదే.

"ఇంతకీ ఏ పనితో మొదలుపెట్టాలన్నా?" అంటారా? మీ ఇల్లు, మీ ఒళ్ళు చూసుకుని నిర్ణయించుకోండి. డిపో నుంచి డిపోకు రాత్రి ట్రంకింగ్ అయితే రూటు ఒకటే, రివర్సులు తక్కువ; కానీ నిద్ర తారుమారవుతుంది. లట్టర్‌వర్త్ మాగ్నా పార్కు, డావెంట్రీ చుట్టుపక్కల ఇలాంటి పని చాలా ఉంటుంది. సూపర్‌మార్కెట్ డెలివరీల్లో ఇరుకు సందులు, గంటల ఒత్తిడి. చేయి మాత్రం త్వరగా తిరుగుతుంది. కౌన్సిల్ చెత్త బండి అంటే మనవాళ్ళు మొహం చిట్లిస్తారు. కానీ క్యాబులో తోడు మనుషులుంటారు, చాలాచోట్ల సాయంత్రానికి ఇంటికి చేరతారు, రిజిడ్ బండి మీద చేయి కుదురుతుంది. టిప్పర్లు, క్యాబులో పడుకునే దూరప్రయాణాలు కాస్త ఆగి చూసుకోవచ్చు.

గంటకు ఒకటి రెండు పౌండ్లు తక్కువైనా, రెండు వారాలు పాత డ్రైవరు పక్కన కూర్చోబెట్టే కంపెనీ దొరికితే చేరిపొండి. తేడా డబ్బును ఫీజు అనుకోండి. రెండేళ్ళు శుభ్రమైన రికార్డు ఉంటే, అప్పుడు కంపెనీలే మిమ్మల్ని వెతుక్కుంటాయి. మానేసేటప్పుడు నోటీసు ఇచ్చి, రిఫరెన్స్ తీసుకుని మర్యాదగా రండి. ఏరు దాటాక తెప్ప తగలేయకండి. మీ వెనక ఇంకో తెలుగువాడు అదే గేటు దగ్గరకు వస్తాడు.

ఇప్పటికే స్టీరింగ్ మీద ఉన్న అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మన దగ్గర క్లీనరు పక్కన డ్రైవరు ఉండేవాడు అన్నాను కదా. ఇక్కడ క్యాబులో ఆ చోటు ఖాళీ, కానీ ఫోనుకు అవతల మీరు ఉండవచ్చు. బయట టీ విరామంలో ఒక పట్టిక పెట్టాం. ఏ డిపోలో కొత్తవాళ్ళను మర్యాదగా చూస్తారో తెలిసినవాళ్ళు రాయండి. కొత్తవాళ్ళ ఫోను ఎత్తగలమనుకున్నవాళ్ళు పేరు రాయండి. కాంట్రాక్టు చేతిలో ఉన్నవాళ్ళు సంతకం పెట్టకుండా తీసుకురండి, కలిసి చదువుదాం.

సెలవు.