చాంగానులో ఒకనాఁడు

మా ఆర్మూరు పసుపు వర్తకులగు మిత్రు లిరువురతోఁ గూడి చీనాదేశమునందలి షియాన్ నగరమును జూచి వచ్చితిని. పూర్వము చాంగానను పేరఁ బ్రసిద్ధి గన్న రాజధాని యిదియే.

ఉదయమున మట్టిసైనికులను జూచితిమి. 1974లో రైతులు బావి త్రవ్వుచుండఁగా నవి బయల్పడినవఁట. “మన యూర బావి త్రవ్విన బండయే పడును గదా!” యని మిత్రుఁ డొకఁడు నిట్టూర్చెను.

మధ్యాహ్నము ఏడంతస్తుల యిటుక గోపుర మెక్కితిమి. నా మోకాళ్లు మొఱపెట్టినవి. హ్యూయన్‌త్సాంగు భిక్షువు 645లో భారతదేశమునుండి కొనిపోయిన గ్రంథములను భద్రపఱచుటకై 652లో దీనిని మొదట నిర్మించిరి. ఆయన మన యాంధ్రదేశమునకును వచ్చెను. ఇచటి జనుల భాష మధ్యదేశపు భాషకంటె వేఱనియు, అక్షరముల రూపు మాత్రము ఇంచుమించుగా నొక్కటే యనియు వ్రాసికొనెను. ముప్పదియేండ్లు బాలురచే ఓనమాలు దిద్దించితిని. దాదాపు పదునాలుగు వందల యేండ్లక్రిందటనే మన యక్షరములను బరికించిన పరదేశి కలఁడని యొక్కనికిని జెప్పనైతిని. తెలియక కాదు. చదివియే మఱచితిని.

దిగివచ్చి, గోపురము ముంగిటనున్న యాతని విగ్రహమునకు మువ్వురమును నమస్కరించితిమి. అప్పటికిఁ బ్రొద్దు గ్రుంకుచుండెను. పసుపు మిత్రుఁడు తేనీటి యంగడి యెక్కడనని వెదకుచుండెను.