టంకశాల వెల – అంగడి వెల
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సంగీతమునకును నాటకమునకును నడుమ నాకు కొంచెము కాలము నొసగి, కుటుంబములకు ఉపయోగపడు విషయ మేదైనను చెప్పుమని మన కార్యదర్శిగారు ఆదేశించిరి. నేను కళాశాలలో చరిత్ర చదివినవాడను. సచివాలయములో ఫైళ్లు చదువుచున్నవాడను. ఈ రెండు చదువులకు నడుమ నాకొక చిన్న వ్యసనము కలదు. అది నాణెములు సేకరించుట. ఆ వ్యసనము నాకిచ్చిన ఆనందమును వర్ణించుట సులభమే. కాని అది నాచేత చేయించిన తప్పును చెప్పినచో మీకు ఎక్కువ లాభము కలుగునని తోచి, దానినే నేటి విషయముగా గైకొంటిని.

మహనీయుల జయంతులకును, గొప్ప సంస్థల ఉత్సవములకును మన ప్రభుత్వము స్మారక నాణెములు వెలువరించుట మీరెరుగుదురు. స్వతంత్ర భారతమున ఈ పద్ధతి 1964లో, నెహ్రూగారు మరణించిన యేడు, వారి బొమ్మగల రూపాయతో మొదలైనది. ఆ రూపాయ అందరి చేతులలోను తిరిగినది. 1969లో గాంధీ శతజయంతికి రూపాయతోబాటు పది రూపాయల వెండి నాణెము కూడ వచ్చినది. తరువాతి కాలమున, చెల్లుబడికి గాక కేవలము దాచుకొనుటకే ముద్రించు పెద్ద నాణెములు బయలుదేరినవి. తంజావూరు బృహదీశ్వరాలయమునకు వేయి వత్సరములు నిండిన సందర్భమున ఏకముగా వేయి రూపాయల నాణెమే వెలువడినది.

వీనిని ముద్రించు టంకశాలలు మనకు నాలుగు: ముంబయి, కలకత్తా, హైదరాబాదు, నోయిడా. 2006లో ఇవి ఆర్థిక మంత్రిత్వశాఖ క్రింది ప్రభుత్వ కార్పొరేషను అధీనములోనికి వచ్చినవి. నాణెముపై సంవత్సరము క్రింద ఐదు మొనల నక్షత్రమున్నచో హైదరాబాదుది; చుక్క యున్నచో నోయిడాది; వజ్రాకారపు గుర్తు ముంబయిది; ఏ గుర్తును లేనిది కలకత్తాది. ఇంటికి పోయి మీ జేబులోని చిల్లర బయటికి తీసి పిల్లలచేత ఈ గుర్తులు వెదకింపుడు. కానీ ఖర్చు లేని వినోదమిది.

హైదరాబాదు టంకశాల మనకు మరింత దగ్గరిది. 1803లో సికందర్ జా కాలమున సుల్తాన్‌షాహీలో వెలసి, 1903లో సైఫాబాదునకు తరలి, 1997లో చెర్లపల్లికి చేరినది. సైఫాబాదులోని పాత భవనమున 2022 నుండి నాణెముల ప్రదర్శనశాల నడుచుచున్నది. సెలవులలో ఆ వైపు పోవువారు పిల్లలను తప్పక తీసికొనిపోవలెను. నందమూరి తారక రామారావుగారి శతజయంతి నాణెము ముద్రింపబడినదియు హైదరాబాదులోనే. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవనములో ద్రౌపది ముర్ముగారు దానిని విడుదల చేసిరి. ఆ దినములలో మనలో ఎందరో నన్ను పిలిచి, “ఎక్కడ కొనవలెనండీ? టంకశాలలోనా, అంగడిలోనా?” యని యడిగిరి. నేటి ప్రసంగము ఆ ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చు జవాబనుకొనుడు.

ఆ నాణెమునే ఉదాహరణముగా తీసికొందము. దానిపై వ్రాసిన విలువ నూరు రూపాయలు. బరువు 35 గ్రాములు. అందులో వెండి సగపాలు మాత్రమే. తక్కినది రాగి, నికెలు, తుత్తునాగము. అనగా నికరమగు వెండి పదునేడున్నర గ్రాములు. టంకశాల దానిని పెట్టె రకమును బట్టి నాలుగువేలకు పైబడి అయిదువేలకు లోబడిన వెలలకు విక్రయించినది. కనుక ఇట్టి నాణెమునకు మూడు విలువలు. మొదటిది ముఖముపై వ్రాసినది. చట్టము అంగీకరించునది అదియే. రెండవది లోహపు విలువ. అది మన చేతికి వచ్చునది కాదు. 2011 నాటి నాణెముల చట్టము నాణెమును కరగించుటను నిషేధించినది. మూడవది ఇతరుల కోరికను బట్టి ఏర్పడునది. మొదటి రెండును లెక్కకు అందును. మూడవది గాలివంటిది, ఎటు వీచునో, ఎప్పుడు ఆగునో చెప్పలేము.

ఈ సత్యము నాకు పుస్తకములలో తెలియలేదు. దాని కథ వినుడు.

2016లో మనకు వేతన సవరణ బకాయిలు చేతికి వచ్చినవి. ఆ సమయముననే ఒక స్మారక నాణెమునకు టంకశాలలో బుకింగు జరిగి ముగిసినది. ఆ పద్ధతి మీకు చెప్పవలెను. టంకశాల ప్రకటన చేయును. నిర్ణయించిన దినములలో మనము పూర్తి వెల ముందుగా చెల్లింపవలెను. పిమ్మట ముద్రించి టపాలో పంపుదురు. దీనికి నెలలు పట్టవచ్చును. ఉత్తరము వ్రాసినచో జవాబు రాకపోవచ్చును. ఫైలు నెమ్మదిగా కదలుట మనకు క్రొత్త గాదు గనుక ఇందు ఆశ్చర్యపడుటకు మన కధికారము లేదు!

నేను గడువు తప్పితిని. టంకశాల వెల సుమారు రెండున్నరవేలు. నగరములోని ఒక వర్తకుని యొద్ద అప్పుడే కొన్ని నాణెములు చేరియుండెను. అతడు ఒక్కొక్కటి ఏడువేలు చెప్పి, “ఇంకొక యేడాదికి ఇది పదునైదువేలు పలుకును సార్, మీ అమ్మాయి చదువునకు పనికివచ్చును” అనెను. మా అమ్మాయికి అప్పుడు పదియేండ్లు. ఆ మాట నా మనసున నాటినది. ఆరు నాణెములు కొంటిని. నలుబదిరెండువేల రూపాయలు. ఇంటిలో మాత్రము “వెండి కొంటిని” అని చెప్పితిని. అబద్ధము కాదు, నిజమును కాదు.

ఏడేండ్లు గడచినవి. అమ్మాయికి ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చినది. ఫీజు కట్టుటకు వారము గడువు. ఆరు పెట్టెలను సంచిలో పెట్టుకొని ఆ వర్తకుని యొద్దకే పోతిని. అతడు భూతద్దము తీసి చూచి, “వీనిని తోమినారు” అనెను. నాకు గుండె జల్లుమన్నది. ప్రతి దీపావళికి మా ఆవిడ లక్ష్మీపూజలో వానిని పీటపై నుంచి, పసుపు కుంకుమలు పెట్టి, మరునాడు విభూతితో మెరుగుపెట్టి మరల పెట్టెలలో దాచుచుండెను. మన ఇండ్లలో వెండి సామాను శుభ్రము చేయు పద్ధతి అదియే గదా! ప్రూఫ్ నాణెమనగా ప్రత్యేకముగా మెరుగుపెట్టిన అచ్చులతో ఒకటికి మించి తాకిడులిచ్చి ముద్రించునది. దాని నేల అద్దమువలె నుండును. వ్రేలిముద్ర పడినను మచ్చయే. ఆ సంగతి నేనామెకు ఎన్నడు చెప్పితిని? తప్పు ఆమెది కాదు.

తోమని నాణెమునకైనను మూడువేలకు మించి ఇయ్యననియు, వీనికి వేయిన్నూరు చొప్పున ఇత్తుననియు అతడు చెప్పెను. ఏడువేల మాట జ్ఞప్తికి తెచ్చితిని. అతడు కోపపడలేదు. “అప్పుడు టంకశాలనుండి కొన్నియే వచ్చినవి సార్. తరువాత బుక్ చేసిన వారందరికిని చేరినవి. ఇప్పుడు ఎవరికి కావలెను?” అనెను. ఆ ఒక్క వాక్యములో నా నలుబదిరెండువేల చరిత్ర అంతయు ఉన్నది. నేను నాణెమునకు వెల ఇయ్యలేదు. నా తొందరపాటునకు వెల ఇచ్చితిని.

కార్యాలయ సహకార పరపతి సంఘములో అప్పు తీసికొని ఫీజు కట్టితిని. ఆ రాత్రి మా ఆవిడకు ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “నాణెములు పోయినందుకు కాదండీ, ఏడేండ్లు నాకు చెప్పకుండ దాచినందుకు” అనెను. ఆ నాణెములను నేను అమ్మలేదు. ఇప్పుడును దీపావళికి పీటపై నుండును. నేనే తోముచున్నాను.

ఇట్లనుటచేత వర్తకులందరును మోసగాండ్రని నా భావము కాదు. టంకశాల అమ్మునది క్రొత్త నాణెములనే. హాలీ సిక్కా కావలెనన్నను, గోలకొండ పైసా కావలెనన్నను వర్తకుని గడపయే తొక్కవలెను. టంకశాల నన్ను ఆరు నెలలు వేచియుండ జేయగలదు గాని నకిలీ నాణె మియ్యదు. వర్తకుడు క్షణములో ఇయ్యగలడు గాని ఆ క్షణమునకు వెల కట్టును. మన తెలుగులో మంచి సరకును “నాణెమైనది” అందుము. నాణెమైన వర్తకులును ఉన్నారు. వారి గుర్తు ఒక్కటే: కొనునప్పుడే “తిరిగి మీరు ఎంతకు తీసికొందురు?” అని యడిగినచో ముఖము చిట్లింపక జవాబు చెప్పుదురు, బిల్లు ఇత్తురు.

కావున నా మనవి ఇది. టంకశాలలో విక్రయమున్నంతకాలము టంకశాలలోనే కొనుడు, రసీదు జాగ్రత్త పెట్టుడు, ఆలస్యమునకు సిద్ధపడుడు. గడువు తప్పినచో కొన్ని నెలలు ఆగుడు. అందరికిని నాణెములు చేరిన పిమ్మట అంగడి వెల తరచుగా దిగివచ్చును. తెరచిన పెట్టెలోని నాణెమును వ్రేళ్లతో అంచున మాత్రమే పట్టుకొనుడు. అన్నిటికంటె ముఖ్యము: ప్రేమతో దాచుకొనుటకు ఒకటి కొనుడు గాని, పిల్లల చదువునకని, పెండ్లికని ఆరు కొనవలదు. దానికి వేరు మార్గములున్నవి.

ఇంకొక హెచ్చరిక. ఊళ్లలోని మన పెద్దలకు ఫోనులు వచ్చుచున్నవి. “మీయొద్ద వైష్ణోదేవి బొమ్మగల అయిదు రూపాయల నాణెమున్నదా? లక్షలిత్తుము, ముందు కమిషను పంపుడు” అందురు. రిజర్వు బ్యాంకు పేరును కూడ వాడుకొందురు. తాను అట్టి వ్యవహారములలో లేననియు, కమిషను వసూలుకు ఎవరికిని అధికార మియ్యలేదనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించినది. మీ తలిదండ్రులకు నేటి రాత్రియే ఈ సంగతి ఫోనులో చెప్పుడు.

ముగింపు మాట. తెనాలి ప్రాంతపు పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా నుండిన మా తాతగారు 1964లో జీతములో వచ్చిన నెహ్రూ రూపాయ నొకదానిని ఖర్చుపెట్టక దాచిరి. నాణెములపై నాకు మక్కువ కలిగినది దానివలననే. దాని నొకసారి ఈ నగరములోనే మరియొక వృద్ధ వర్తకునికి చూపితిని. ఆయన దానిని త్రిప్పి చూచి, నా అరచేతిలో మరల పెట్టి, “ఇవి లక్షలుగా ముద్రించినారు బాబూ, నాయొద్ద దీనికి వెల రాదు. మీ ఇంటిలోనే దీనికి విలువ” అనెను. ఆయన ఆ దినమున నాకేమియు అమ్మలేదు, నానుండి ఏమియు కొనలేదు. కాని నాణెములను గూర్చి నేను విన్న మాటలలో అంత నాణెమైన మాట మరియొకటి లేదు.