ఒకే గోడ - రెండు రంగులు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 సభ అంటే మనం ఏం మాట్లాడుకుంటామో అందరికీ తెలిసిందే. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు, పింఛను ఎవరి దయా కాదు, మన హక్కు అన్న మాట, ఆ తరువాత కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు. అవన్నీ చెప్పడానికి నాకన్నా తెలిసినవారు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు ఈసారి నన్ను "మీరు ఇంటి సంగతి ఏదైనా మాట్లాడండి, ఆడవాళ్ళు కూడా వస్తున్నారు" అన్నారు. అందుకని ఇల్లు సర్దుకోవడంలో భార్యాభర్తల అభిరుచులు కలవకపోతే ఏమవుతుంది అన్న విషయం తీసుకున్నాను. మాకు 1977లో పెళ్ళయింది. ఈ విషయం మీద నాకున్న సర్వీసు ప్రభుత్వంలో చేసిన సర్వీసు కన్నా ఎక్కువ.

నా అభిరుచి ఒక్క ముక్కలో చెబుతాను. తెల్లగోడ, దాని మీద ఒక గడియారం, ఒక క్యాలెండరు. అంతే. రోజంతా ఆఫీసులో కప్పుదాకా పేర్చిన ఫైళ్ళ మధ్య, బూజు మధ్య కూర్చుని వచ్చినవాడికి ఇంట్లో ఖాళీ గోడ కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. మా ఆవిడకు ఖాళీ గోడ అంటే సత్రం. కొండపల్లి బొమ్మలు, మ్యాటీ గుడ్డ మీద కుట్టిన 'వెల్‌కమ్', ప్లాస్టిక్ వైరుతో అల్లిన చిలక, గుమ్మానికి పూసల తెర, రేడియో మీద లేసు గుడ్డ, ఆ గుడ్డ మీద పూలకూజా, ఆ కూజా కింద ఇంకో చిన్న లేసు గుడ్డ. కూజాకి గుడ్డ ఎందుకని అడిగితే, "మీరు పొద్దున పదింటికి వెళ్ళి రాత్రి ఏడింటికి వస్తారు. ఈ గోడల్ని చూస్తూ కూర్చునేది నేను" అనేది. దానికి నా దగ్గర జవాబు లేదు, కానీ గుడ్డ మాత్రం నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.

ఆ రోజుల్లో ఈ తగువు ముదరకపోవడానికి ఇంటివాళ్ళే కారణం. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో తణుకు, కొవ్వూరు, చింతలపూడి, భీమవరం అంటూ తొమ్మిది అద్దె ఇళ్ళు మారాం. ప్రతి ఇంటివాడూ చెప్పే మొదటి షరతు గోడకు మేకు కొట్టకూడదని. నేను లోలోపల సంతోషించేవాణ్ణి. ఆవిడ మాత్రం పాత మేకుల కన్నాలు ఎక్కడున్నాయో మొదటి రోజే వెతికిపెట్టుకునేది. ఏడాదికోసారి సంక్రాంతి ముందు వెల్ల వేయించుకునేవాళ్ళం. సున్నం కుండలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త బంక కలిపి, చివర నీలిమందు వేసేవారు. రంగుల ఎంపిక అన్న మాటే లేదు. ఉన్న తగువల్లా నీలిమందు మోతాదు గురించే. నాకు చిటికెడు చాలు. ఆవిడ నేను చూడనప్పుడు ఇంకో చెంచా వేయించేది. గోడ ఎండాక తెలిసేది ఎవరు గెలిచారో.

1996లో హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు పెట్టి ఇక్కడ ఏలూరులో సొంత ఇల్లు కట్టుకున్నాం. మేకుల మీద నిషేధం పోయింది. హాల్లో గోడ పొడుగునా అద్దాల షోకేసు వచ్చింది. అందులో ఏమేం ఉన్నాయో చెబుతూ కూర్చుంటే అధ్యక్షులవారు గంట కొడతారు. ఈ ఊరు తివాచీలకు పేరు పడ్డది కదా, మీ ఇంట్లో ఒకటైనా ఉందా అని చుట్టాలు అడుగుతారు. లేదు. మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చిన ఏకైక విషయం అది, కారణం ధర.

అసలు కథ 2008లో మొదలైంది. యాభై ఎనిమిదేళ్ళు నిండి రిటైరయ్యాను. అప్పటిదాకా సాయంత్రం చూసే గోడల్ని పగలంతా చూడవలసి వచ్చింది. ఇక్కడ కొత్తగా రిటైరైన సోదరులు ఎవరైనా ఉంటే ఒక మాట. మొదటి ఏడాది ఇంట్లో ఏ వస్తువునూ ఉన్నచోటు నుంచి కదపవద్దు. పోపుల డబ్బా జోలికి అసలు వెళ్ళవద్దు. మనం కొత్త ఆఫీసుకు బదిలీ అయి వెళ్ళినప్పుడు మొదటి రోజే బీరువాలు జరిపించామా? అక్కడ పాతవాళ్ళుంటారని తెలుసు. ఇంట్లో ఉన్న పాతవాళ్ళు ముప్ఫై ఏళ్ళ సీనియర్లు.

లేసు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కల, పాలకొల్లు దాకా, ఇంటింటా ఆడవాళ్ళు కొక్కెం సూదితో లేసు అల్లేవారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వల్ల వచ్చిన పని అది. ఏజెంట్లు నూలు ఉండలు ఇచ్చి, అల్లినది తీసుకుని కూలి కట్టేవారు. సరుకు ఓడలెక్కి విదేశాలకు పోయేది. ఆవిడ పదేళ్ళ వయసు నుంచి తల్లి పక్కన కూర్చుని అల్లింది. ఆ కూలి డబ్బులతోనే ఇద్దరు తమ్ముళ్ళ బడి ఫీజులు కట్టారట. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్ళను ఉత్త గృహిణులుగా లెక్కగట్టి, వాళ్ళ పనిని తీరిక వేళ కాలక్షేపం అంటున్నారని ఆమె రాశారు. ఈ సంగతి మా అమ్మాయి చెబితే మా ఆవిడ "తీరికా? మాకా?" అని ఊరుకుంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త పేపర్లో పడిన రోజు నాకు రెండుసార్లు చదివి వినిపించింది. గుర్తింపు లేసుకు వచ్చింది గానీ టీవీ మీద కప్పడానికి కాదు కదా అన్నాను. మధ్యాహ్నం కూరలో ఉప్పు తగ్గింది.

2023లో, నేను కమ్యూట్ చేసుకున్న పింఛను భాగం పదిహేనేళ్ళు నిండి మళ్ళీ కలిసింది. ఆ డబ్బుతో ఇంటికి రంగులు వేయిద్దాం అనుకున్నాం. రంగులు వేయాలంటే గదులు ఖాళీ చేయాలి. పనివాళ్ళ చేతుల్లో సామాన్లు పోతాయని ఆవిడ బెంగ. గుమాస్తాకి తెలిసిన మందు ఒక్కటే. రెండు వందల పేజీల లాంగ్ బుక్ కొని స్టాకు రిజిస్టరు తెరిచాను. సీరియల్ నంబరు, వస్తువు, ఎక్కడిది, ఏ సంవత్సరం, పరిస్థితి, రిమార్కులు. ఆవిడ ఒక్కొక్కటే తీసి ఇస్తూ చెబుతుంటే నేను రాయడం.

సీరియల్ నంబరు 12, కొండపల్లి దశావతారాల సెట్టు. తెల్లపొణికి చెక్క, అతుకులకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. తడిగుడ్డ తగిలితే రంగు పోతుంది. రిమార్కులు: కూర్మావతారానికి ఒక కాలు లేదు, అబ్బాయి విరిచాడు, 1985.

సీరియల్ నంబరు 41 దగ్గర పని ఆగింది. అది పెద్ద లేసు బల్లగుడ్డ. ఎప్పటిది అని అడిగితే "వరదప్పుడు" అంది. 1986 ఆగస్టు గోదావరి వరద ఈ జిల్లాల వాళ్ళు ఎవరూ మరచిపోరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. మేం అప్పుడు కొవ్వూరులో ఉన్నాం. నన్ను వరద డ్యూటీ మీద పోలవరం వైపు పంపారు. పదహారు రోజులు ఇంటి ముఖం చూడలేదు. బియ్యం బస్తాలు, కిరోసిను డబ్బాలు, పడవల లెక్కలు రాసిన కథ నేను ఎందరికో చెప్పాను, ఇక్కడ విన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇంట్లో ఏం జరిగిందో మాత్రం ముప్ఫై ఏడేళ్ళ తరువాత, రిజిస్టరు రాస్తూ విన్నాను. ఏడేళ్ళ పిల్ల, నాలుగేళ్ళ పిల్లాడు. కరెంటు లేదు. నా కబురు లేదు. రాత్రిపూట వీధిలో ఎవరో ఒకరు గట్టు తెగిందని అరుచుకుంటూ పోయేవారట. ఆవిడ లాంతరు దగ్గర పెట్టుకుని ఈ గుడ్డ అల్లింది. నిద్ర పట్టక కాదు. "పిల్లలు మధ్యలో లేచి చూస్తే అమ్మ ఎప్పటిలాగే లేసు అల్లుకుంటూ కనిపించాలి. అప్పుడు మళ్ళీ పడుకుంటారు" అంది.

ఆ గుడ్డలో పువ్వులన్నీ ఆరు రేకులవి. ఒక మూల ఒక్క పువ్వుకు ఏడు రేకులున్నాయి. 'అల్లికలో లెక్క తప్పింది' అని రిమార్కుల్లో రాయబోతుంటే, "తప్పింది అని రాయకండి. ఆ రాత్రే అరిచారు" అంది. ఏడు రేకులు అని మాత్రం రాశాను.

ఇక రంగుల సంగతి. షేడు కార్డు తెచ్చి ముందు వేశారు. నేను తెలుపు అన్నది ఆవిడ మీగడ రంగు అంటుంది. ఆవిడ లేత నీలం అన్నది నాకు పండగ పందిరిలా కళ్ళలో గుచ్చుకుంటుంది. రంగులు వేసే మేస్త్రీ రెండు రోజులు తిరిగి విసుగెత్తిపోయాడు. విషయం ఏమిటంటే, నాకు 2022లోనే రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. ఆవిడకు కాలేదు. వయసుతో కంటిలోని కటకం పసుపు పచ్చబడుతుంది. నీలం కాంతిని అది చాలావరకు ఆపేస్తుంది. అందుకని తెల్లనిది పచ్చగానూ, నీలం వెలిసినట్టూ కనిపిస్తాయి. ఆపరేషనులో ఆ కటకం తీసి కొత్తది పెట్టగానే నీలాలు ఒక్కసారిగా తేలతాయి. కంటి డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. ఒకే గోడను ఇద్దరం రెండు రంగుల్లో చూస్తున్నాం, ఇద్దరూ నిజమే చెబుతున్నాం. సభలో ఉన్న దంపతులకు నా సలహా, కళ్ళ పని ఉంటే ముందు అది కానిచ్చి తరువాత షేడు కార్డు తెప్పించండి. మేం ఆవిడ పట్టుదల మీద ముందు గదికి నీలమే వేయించాం. 2024లో ఆవిడకు ఆపరేషను అయి, పట్టీ విప్పుకుని ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఇంత నీలం వేయించారేమిటి?" అంది. మీ అందరి సమక్షంలో మనవి, వేయించింది నేను కాదు.

ఒక్క చోట మాత్రం నేను పట్టు విడవలేదు. స్నానాల గదిలో జారని టైల్స్, గోడకు పట్టుకునే స్టీలు కడ్డీ. ఆసుపత్రిలా ఉందని ఆవిడ ఆక్షేపణ. ఉండనీ అన్నాను. మెరిసే టైల్స్ మీద వదులుగా పరిచే చిన్న చిన్న పట్టాలు కూడా తీయించేశాను. ఈ వయసులో తుంటి విరిగితే ఏమవుతుందో ఈ సంఘంలో చూసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. అందంలో వాదన ఉంటుంది, కాలు జారడంలో ఉండదు.

రంగుల సమయంలోనే అబ్బాయి, కోడలు హైదరాబాదు నుంచి వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు. షోకేసు తీసేసి, గోడంతా బూడిద రంగు వేసి, టీవీకి యూనిట్టు, పైన ఫాల్స్ సీలింగు పెట్టిస్తామన్నారు. డబ్బు కూడా వాళ్ళే పెట్టుకుంటామన్నారు. "నాన్నగారూ, మీకూ ఖాళీ గోడే కదా ఇష్టం" అని అబ్బాయి నా మద్దతు అడిగాడు. మాట నిజమే. షోకేసు మీద నా అభిప్రాయం 1996లో ఏముందో ఇప్పుడూ అదే. కానీ ఆ ఫైలు మీద సంతకం పెట్టే అధికారం నాది కాదు, వాడిది అసలే కాదు. "మీ అమ్మని అడుగు" అన్నాను. వాడు అడగలేదు. షోకేసు ఉంది.

మా కాలనీలో ఒక మిత్రుడు ఉన్నారు, పేరు చెప్పను. వారి శ్రీమతికి ప్లాస్టిక్ పూలంటే ప్రాణం, ఆయనకు చిరాకు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆయన ప్రతి ఆదివారం ఆ పూలన్నీ బకెట్టులో సబ్బునీళ్ళలో ముంచి, కడిగి, డాబా మీద ఆరబెడతారు. చిరాకు పోయిందా అంటే పోలేదట. కడుగుతూ ఆమెను తిడుతూనే ఉంటారట. ఏ పువ్వు ఏ కూజాలోదో తెలియక మొదట్లో చాలా ఇబ్బంది పడ్డానని చెప్పారు. ఇది విన్న రోజు సాయంత్రమే మా రిజిస్టరులో 'ఉండవలసిన చోటు' అని ఇంకో కాలం గీశాను.

ఇప్పటికి 163 దాకా వచ్చాం. మధ్యలో ఆవిడ ఒక అభ్యంతరం లేవదీసింది, మీ సామాను ఎందుకు రాయరని. నాకేముంది అన్నాను. పింఛను ఉత్తర్వుల ఫైలు, సర్వీసు పుస్తకం నకలు, ఇరవై ఏళ్ళ పాత డైరీలు, నిబ్బులు లేని పెన్నులు ఆరు అని గడగడా చెప్పింది. అవి కూడా ఎక్కాయి. పెన్నుల దగ్గర రిమార్కులు ఆవిడే స్వయంగా రాసింది, నన్ను చూడనివ్వలేదు. అటక మీద ఇంకా రెండు ట్రంకు పెట్టెలు ఉన్నాయి. సంక్రాంతి వెళ్ళాక దింపుదామని అనుకుంటున్నాం.