మీ కడుపు చల్లగా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టరువి కదా, ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడు, భోజనాల వేళ మాత్రం దాటించకు" అన్నారు. భోజనాలకు ముందు మాట్లాడేవాడికి కడుపు కన్నా మంచి విషయం ఏముంటుంది? కాబట్టి కడుపు గురించే మాట్లాడతాను. అయితే ఊపిరితిత్తుల దగ్గర మొదలుపెడతాను.

ఈ సంచిక మొదటి పేజీల్లో, మనల్ని విడిచి వెళ్లిన మిత్రుల ఫోటోలు ఉన్నాయి. అందులో ఒకడు నా బెంచీవాడు. 2021 ఏప్రిల్ చివర్లో నాకు ఫోన్ చేశాడు. "పెళ్లిలో తిన్నది పడలేదురా, రెండు రోజుల నుంచి విరేచనాలు, కాస్త జ్వరం" అన్నాడు. దగ్గు లేదు, జలుబు లేదు. మందుల షాపులో ఒక యాంటీబయాటిక్ ఇచ్చారట. "సరే, వాడు, తగ్గుతుంది" అన్నాను. ఐదో రోజుకి ఆయాసం. ఆసుపత్రిలో పడక దొరికేసరికి ఆక్సిజన్ బాగా పడిపోయింది. తర్వాతి సంగతి మీకు తెలుసు.

ఆ రోజు టెస్టు చేయించుకోమని చెప్పి ఉంటే బతికేవాడా? చెప్పలేను. కానీ నేను చెప్పలేదు. కరోనా వైరస్ మన కణాల్లోకి దూరడానికి వాడుకునే ఏస్-2 అనే గ్రాహకం ఊపిరితిత్తుల్లోనే కాదు, పేగుల లోపలి పొరలో కూడా పుష్కలంగా ఉంటుంది. అందుకే కొందరిలో విరేచనాలే మొదటి లక్షణం. ఈ సంగతి అప్పటికే చదివి ఉన్నాను. అయినా కడుపు వేరు, ఊపిరి వేరు అన్న పాత అలవాటు నా నోట ఆ మాట అనిపించింది. ఆ తర్వాతే ఈ రెంటి సంబంధం గురించి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

మన పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచు పదార్థమే వాటి తిండి. ఆ పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. అవి పేగు గోడను గట్టిగా ఉంచుతాయి. కొంత రక్తంలో కలిసి, రోగనిరోధక కణాలకు ఎప్పుడు పోరాడాలో, ఎప్పుడు ఆగాలో నేర్పడంలో సాయపడతాయి. ఆగడం కూడా ముఖ్యమే. తీవ్రమైన ఫ్లూలో, కరోనాలో ఊపిరితిత్తులు దెబ్బతినేది వైరస్ వల్ల మాత్రమే కాదు, అదుపు తప్పిన మన సొంత సైన్యం వల్ల కూడా.

2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు ఎలుకలకు యాంటీబయాటిక్‌లు ఇచ్చి, పేగుల్లోని సూక్ష్మజీవులను తగ్గించి, ఫ్లూ వైరస్ ఎక్కించారు. వాటి ఊపిరితిత్తులు వైరస్‌ను సరిగా ఎదుర్కోలేకపోయాయి. 2021లో హాంకాంగ్ పరిశోధకులు ఆసుపత్రిలో చేరిన 100 మంది కరోనా రోగులను పరిశీలించారు. జబ్బు ఎంత తీవ్రంగా ఉంటే, మేలుచేసే కొన్ని సూక్ష్మజీవులు అంత తక్కువగా కనిపించాయి. అయితే అవి తగ్గినందుకు జబ్బు ముదిరిందా, జబ్బు ముదిరినందుకు అవి తగ్గాయా అన్నది ఆ ఒక్క పరిశీలనతో తేలదు.

మన పక్క రాష్ట్రం ఒడిశా పల్లెల్లో జరిగిన ప్రయోగం ఇంకొంచెం గట్టిది. 4,556 మంది ఆరోగ్యంగా పుట్టిన శిశువుల్లో సగం మందికి ఏడు రోజుల పాటు ఒక మంచి బ్యాక్టీరియాను, దాని తిండితో కలిపి ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. రెండు నెలల లోపు సెప్సిస్ లేదా మరణం ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 9 శాతం, ఇది ఇచ్చినవారిలో 5.4 శాతం. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా మూడో వంతు వరకు తగ్గాయి. ఇచ్చింది నోటి ద్వారా, మేలు జరిగింది ఛాతీకి. తల్లులారా, దీన్ని విని పసిపిల్లలకు పెరుగు నాకించకండి. అది వైద్యులు ఎంచి, కొలిచి ఇచ్చిన ప్రత్యేకమైన బ్యాక్టీరియా.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. పల్నాడు వచ్చిన శ్రీనాథుడు ఇక్కడి జొన్నకూడు చూసి విసుక్కున్నాడని ఆయన పేరిట చాటువులు ఉన్నాయి. మన తెలుగు మాస్టారు అవి చెప్పి నవ్వించేవారు. క్లాసులో సగం మంది క్యారియర్లలో జొన్నరొట్టే ఉండేది, అందుకే ఇంకా నవ్వొచ్చేది. 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లొచ్చాయి. వరి వచ్చింది, జొన్న వెనక్కి జరిగింది. తెల్లన్నం తినడం గౌరవమైంది. ఆ గౌరవం కోసం మన నాన్నల తరం ఎంత కష్టపడిందో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. కానీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క చూడండి: 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపు. మన నాలుక సుఖపడింది, పేగులోని కాపురస్తులు పస్తులున్నారు.

పైగా మనం వాటి మీద యాంటీబయాటిక్‌లు కురిపిస్తున్నాం. జలుబుకీ, వైరల్ జ్వరానికీ అవి పనిచేయవు. కరోనా కాలంలో ఇంటింటా మింగిన అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ ఇంటి దగ్గర ఉన్న రోగులు కోలుకోవడానికి ఉపయోగపడలేదని 2021లోనే బ్రిటన్ ప్రయోగాలు తేల్చాయి. రోగి అడిగాడని నేనూ ఏళ్ల తరబడి రాశాను. ఇప్పుడు రాయడం లేదు. కొందరు కోపం తెచ్చుకుని వేరే డాక్టరు దగ్గరికి వెళ్లారు. వెళ్లనివ్వండి.

నన్ను అపార్థం చేసుకోకండి. మన మిత్రులు జొన్నరొట్టె తినలేదు కాబట్టి పోయారని నేను అనను. అలా అనేవాడు డాక్టరు కాదు. వయసు, షుగరు, టీకా, ఆక్సిజన్ దొరికిన సమయం, ఇవన్నీ ప్రాణాన్ని తేల్చే విషయాలు. మజ్జిగ టీకాకు బదులు కాదు, సంగటి ఆసుపత్రికి బదులు కాదు. కడుపు బాగుంటే శరీరం పోరాటానికి కాస్త సిద్ధంగా ఉంటుంది, అంతే. ఆ కాస్త కోసమే మూడు మాటలు చెబుతాను.

ఒకటి, డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ కొనకండి. డాక్టరు రాస్తే "ఇది నిజంగా అవసరమా?" అని అడగండి. అవసరమంటే చెప్పినన్ని రోజులూ వాడండి.

రెండు, వారంలో మూడు పూటలైనా జొన్న తినండి. రోజూ పప్పు, గోంగూరో తోటకూరో ఏదో ఒక ఆకుకూర, ఒక గ్లాసు మజ్జిగ ఉండాలి. అలవాటు తప్పినవాళ్లు కొద్దికొద్దిగా పెంచండి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది, నన్ను తిట్టుకుంటారు.

మూడు, జ్వరంతో విరేచనాలైతే తిన్నది పడలేదని సరిపెట్టుకోకండి. ఓఆర్ఎస్ తాగుతూ డాక్టరుకు చూపించుకోండి. ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా ఆలస్యం చేయకండి. మీకు తెలిసిన డాక్టరు ఫోన్‌లో "ఏం కాదులే" అన్నా సరే, వెళ్లండి. ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను.

మన సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలనుకుంటున్నారు, మంచిదే. దానితోపాటు పిల్లలు భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి పది కుళాయిలు, వంటశాల వెనక నాలుగు ఆకుకూర మళ్లు కూడా వేయిద్దాం. నా వంతు ఇప్పుడే కోశాధికారి గారికి ఇస్తున్నాను.

మా నాయనమ్మ ఎవరైనా దణ్ణం పెడితే "నీ కడుపు చల్లగా" అని దీవించేది. పిల్లాపాపలతో బాగుండమని ఆ దీవెన అర్థం. ఇన్నేళ్ల వైద్యం తర్వాత నాకు అందులో ఇంకో అర్థం కూడా వినిపిస్తోంది. మీ అందరి కడుపూ చల్లగా ఉండాలని కోరుకుంటూ, సెలవు తీసుకుంటున్నాను. పదండి, భోజనాలకు వేళైంది.