మాట వినని తెలివైన కారు



ఈ వేళ నేను మీతో వంటల గురించీ, పిల్లల చదువుల గురించీ మాట్లాడబోవడం లేదు. కరెంటు కారు గురించి మాట్లాడతాను. కారు సంగతి మగవాళ్లది కదా, మనకెందుకు అనుకోకండి. బ్యాంకు వాయిదాలు కట్టేది వాళ్లయినా, అత్తగారిని ఆసుపత్రికీ, పిల్లల్ని ట్యూషనుకూ తీసుకువెళ్లేది ఇప్పుడు చాలా ఇళ్లల్లో మనమే. మా మహబూబ్‌నగర్‌లో మా వీధిలోనే నాలుగిళ్లల్లో కరెంటు కార్లున్నాయి. మూడింటిని నడిపేది ఆడవాళ్లే.

మాకూ ఒకటి వచ్చింది. 2024 నవంబరులో మన తెలంగాణ ప్రభుత్వం కరెంటు బండ్లకు రోడ్డు పన్నూ, రిజిస్ట్రేషను రుసుమూ మాఫీ చేస్తూ, 2026 డిసెంబరు ఆఖరు దాకా వర్తించేలా ఉత్తర్వు ఇచ్చింది. మావారు కాగితం మీద లెక్కలు వేసి, ఆ మరుసటి సంవత్సరమే కారు తెచ్చారు. పైగా మా ఊరి పక్కనే దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది కదా, "బ్యాటరీలు మన గడపలోనే తయారైతుంటే మనం పెట్రోలు పోసుకునుడు ఏంది?" అని ఆయన వాదన. నేనూ కాదనలేదు. పొగ లేదు, చప్పుడు లేదు, రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి సిద్ధం. ఖర్చు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ మాటకొస్తే కారు మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. దాని తెలివి మీదనే నా ఫిర్యాదు.

ఈ కార్లలో తమంతట తాము చేసే పనులు చాలా ఉంటాయి. ముందు అద్దం వెనక ఒక కెమెరా, ముందు భాగంలో రాడారు ఉంటాయి. కెమెరా రోడ్డు మీది గీతలు చూస్తుంది, రాడారు ముందున్న బండి ఎంత దూరంలో ఉందో కనిపెడుతుంది. ఢీకొడతామని తోస్తే కారు తనే బ్రేకు వేస్తుంది. గీత దాటుతున్నామని తోస్తే స్టీరింగు తనే తిప్పుతుంది. పెట్రోలు కార్లలో కూడా ఇవి వస్తున్నాయి గానీ, కరెంటు కార్లు పుట్టుకతోనే కంప్యూటరు బండ్లు కాబట్టి వాటిలో ఈ హంగులు మరీ ఎక్కువ. అమ్మేటప్పుడు వీటిని వరాల్లాగా చెబుతారు. ఆ వరాలు మన రోడ్ల మీద ఎట్లా ఫలిస్తాయో మాత్రం కొన్నాక మనమే తెలుసుకోవాలి.

మా అత్తగారి పుట్టిల్లు నల్లగొండ. మొన్న మే నెలలో ఆమెను తీసుకుని జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా బయలుదేరాను. యాసంగి వడ్ల కాలం. మీకు తెలియనిదేముంది, ఆ రోజుల్లో మన రోడ్లు సగం కల్లాలే. ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చి, పైన టార్పాలిన్ కప్పి ఉంచుతారు. మల్లేపల్లి ఇవతల అట్లాంటి కుప్ప ఒకటి వచ్చింది. నేను కొంచెం కుడికి తిప్పాను. మధ్య గీత దాటుతున్నానని కారుకు కోపం వచ్చింది కాబోలు, స్టీరింగును ఎడమకు, అంటే ఆ రాళ్ల వైపుకే లాగింది! నా చేతుల్లో ఉన్న చక్రాన్ని ఇంకెవరో పట్టి తిప్పినట్లయింది. గట్టిగా పట్టుకుని కుడికి తిప్పుకుని బయటపడ్డాను కానీ, గుండె దడ తగ్గడానికి మరో ఊరు దాటాల్సి వచ్చింది. వెనక సీట్లో అత్తగారు, "ఎవలు గుంజుతున్రు బిడ్డా దాన్ని?" అన్నది. ఏమని చెప్పను?

తరువాత తెలిసింది, నా తప్పు కూడా ఉందట. కుడి వైపు సూచిక దీపం వేసి తిప్పి ఉంటే కారు అడ్డుపడేది కాదట. దీపం వేస్తే మనం కావాలనే గీత దాటుతున్నామని దానికి అర్థమవుతుంది. వేయకపోతే కునికిపాట్లు పడుతున్నామనుకుని వెనక్కి లాగుతుంది. ఈ ఒక్క ముక్క అమ్మిన మనిషి ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది! గుంతను తప్పించినా, ఎడ్లబండిని దాటినా, వడ్ల కుప్ప వచ్చినా సూచిక దీపం వేయండి. వెనక వచ్చేవాళ్లకూ మంచిదే.

ఇంక బ్రేకు సంగతి. జడ్చర్ల దగ్గర పెద్ద రోడ్డు మీద, ఒక మోటారు సైకిలు అబ్బాయి నా ముందునుంచి అడ్డంగా దూసుకుపోయాడు. అతడు దాటి వెళ్లిపోయాడు కూడా. నేను కాలు కొంచెం ఎత్తాను, అంతే చాలు ఆ సమయానికి. కానీ కారు ఒక్కసారిగా నిలబడిపోయింది. వెనక లారీ వస్తున్నది. ఆ డ్రైవరు ఎట్లా ఆపాడో ఆ దేవుడికే తెలుసు. కిందికి దిగి నన్ను నాలుగు మాటలన్నాడు. పడ్డాను. బ్రేకు నేను వేయలేదని అతనికి చెబితే నమ్ముతాడా?

ఇది ఒక్క మన ఊరి బాధ అనుకోకండి. అమెరికాలో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ శాఖ 2022 ఫిబ్రవరిలో టెస్లా కార్ల మీద సరిగ్గా ఈ విషయం గురించే విచారణ మొదలుపెట్టింది. ఎదురుగా ఏమీ లేకుండానే కారు బ్రేకు వేస్తున్నదని తొమ్మిది నెలల్లో 354 ఫిర్యాదులు వచ్చాయట. విచారణ కిందికి వచ్చిన కార్లు 4 లక్షల 16 వేలు. అక్కడివాళ్లు దీనికి దయ్యపు బ్రేకు అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టుకున్నారు. అద్దంలాంటి రోడ్లున్న దేశంలోనే ఇట్లా ఉంటే, గొర్ల మందలూ, ఎదురు దిక్కున వచ్చే ట్రాక్టర్లూ ఉండే మన రోడ్ల మీద పాపం దానికి మతి పోవడంలో వింతేమున్నది?

ఆ రోజు ఇంటికి వచ్చి చెప్పగానే మావారు, "అన్నీ బంద్ చేసి పారేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే అదే బ్రేకు అంతకు నెల ముందు ఒక పాపను కాపాడింది. బడి వదిలే వేళ, ఆగి ఉన్న ఆటో వెనకనుంచి ఆ పిల్ల రోడ్డు మీదికి పరుగెత్తింది. నా కాలు బ్రేకు మీద పడేలోపలే కారు ఆగింది. లారీ డ్రైవరు తిట్లు ఎన్నయినా పడతాను కానీ, అది మాత్రం మర్చిపోలేను. మా ఇద్దరికీ దీని మీద రెండు రోజులు వాదన నడిచింది. చివరికి స్టీరింగు లాగే దాన్ని ఊళ్లో తిరిగేటప్పుడు ఆపడం, అత్యవసర బ్రేకును ఎప్పుడూ ఆపకపోవడం అని తేల్చుకున్నాం. ముందు బండికి దూరం ఎక్కువ ఉంచమని ఒక అమరిక ఉంటుంది, అది పెట్టుకున్నాం. మా కారులో ఇంకో తిరకాసు ఉన్నది. సాయంత్రం ఆపింది పొద్దున కారు వేయగానే మళ్లీ మొదలవుతుంది. కాబట్టి రోజూ బయలుదేరే ముందు తెర మీద చూసుకోవడం దీపం పెట్టినంత నియమంగా చేస్తున్నాను.

తెర అంటే గుర్తొచ్చింది. ఈ కార్లలో బటన్లు తీసేసి అన్నీ పెద్ద తెరలోకి తోసేశారు. చల్లగాలి తగ్గించాలన్నా తెరే, అద్దాలు సర్దుకోవాలన్నా తెరే. పాత కారులో చెయ్యి దానంతట అది బటను దగ్గరికి పోయేది, కళ్లు రోడ్డు మీదే ఉండేవి. ఇప్పుడు కళ్లు కూడా తెరకు అప్పగించాలి. ఒక రోజు పొద్దున చూస్తే బొమ్మలన్నీ చోటు మారి ఉన్నాయి! రాత్రికి రాత్రే కంపెనీ వాళ్లు గాలిలోంచి కొత్త కార్యక్రమం పంపించారట. మన వంటింట్లో ఎవరో పోపుల డబ్బా తీసి ఇంకో అరలో పెట్టిపోతే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఐరోపాలో కార్లను ఢీకొట్టించి చూసి మార్కులు వేసే సంస్థ ఒకటి ఉన్నది. 2026 నుంచి పూర్తి మార్కులు కావాలంటే సూచిక దీపాలు, ప్రమాద దీపాలు, హారను, వాన తుడిచేవి, సాయం కోరే మీట, ఈ అయిదింటికీ చేతికి తగిలే బటన్లు ఉండాలని అది పట్టుబట్టింది. ఎవరో ఒకరు మన మాట అన్నారని సంతోషించాను.

చిన్న చిన్న చిరాకుల గురించి చెప్పాలంటే పొద్దు చాలదు. ముందు సీట్లో బియ్యం సంచి పెడితే బెల్టు పెట్టమని గోల. వేగం 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆపకుండా మోత. ఇవి మాత్రం 2019 జూలై నుంచి కొత్త కార్లన్నింటికీ మన దేశంలో చట్టం పెట్టినవే, వాటిని తిట్టి లాభం లేదు. వాన పడ్డ మట్టి రోడ్డులో పోతే రాడారు మీద బురద పడి, ఇక నాకు కనపడదని కారు చేతులెత్తేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే సరి.

కాలు తీయగానే బండి తగ్గే సంగతి మాత్రం కొత్తవాళ్లు తప్పక తెలుసుకోవాలి. కరెంటు కారులో కాలు ఎత్తగానే మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది, అందుకే వేగం తగ్గుతుంది. రెండు వారాల్లో మనకు అది అలవాటై, బ్రేకును మర్చిపోతాం. కానీ రాత్రంతా నిండా ఎక్కించి పొద్దున బయలుదేరితే, నిండిన బ్యాటరీలో ఇంకా పోయడానికి చోటు ఉండదు. కాలు తీసినా బండి రోజటిలాగా తగ్గదు. మా వీధి మలుపులో స్పీడు బ్రేకరు మీద ఎగిరిపడ్డాక నాకు ఇది అర్థమయింది. ఇంకొకటి, ఆ తగ్గుదల ఎక్కువ పెడితే వెనక కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. మా అత్తగారికి పెట్రోలు కారులో ఏనాడూ వాంతి కాలేదు. తగ్గుదలను తక్కువలో పెట్టాక నెమ్మదించింది.

చిన్న బ్యాటరీ గురించి కూడా ఒక మాట. అడుగున పెద్ద బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నా, తాళాలూ తెరా నడిచేది మామూలు పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీతోనే. అది చచ్చిపోతే కారు పలకదు. బిందె నిండా నీళ్లున్నా ముంచుకునే చెంబు లేనట్లు. సర్వీసుకు ఇచ్చినప్పుడు దాన్ని చూడమని అడగండి, అడగకపోతే చాలామంది చూడరు.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒక ఎత్తు, కల్వకుర్తిలో జరిగింది ఒక ఎత్తు. అసలు ఈ ప్రసంగం రాసుకున్నదే దాని కోసం.

నల్లగొండ పోయిన ఆ ప్రయాణంలోనే. మధ్యాహ్నం పన్నెండు దాటింది. అత్తగారి మోకాళ్ల నొప్పుల మాత్రలు ఇంట్లో మర్చిపోయామని, మందుల దుకాణం దగ్గర ఆగాను. ఆమె దిగలేనన్నది. చల్లగాలి నడుస్తూనే ఉంది, రెండు నిమిషాల పనే కదా అని నేనొక్కదాన్నే దిగాను. తాళం నా సంచిలో ఉంది. దుకాణంలో జనం, చిల్లర తకరారు, రెండు నిమిషాలు కాస్తా పదిహేను అయినాయి.

నేను దూరం పోగానే కారు ఏమనుకున్నది? యజమానురాలు వెళ్లిపోయింది, ఇక నా పని అయిపోయిందనుకున్నది. చల్లగాలి ఆపేసింది. తలుపులు బిగించుకున్నది. పెట్రోలు కారైతే ఇంజను చప్పుడు ఆగిందని వినపడేది. దీనికి చప్పుడే లేదు, ఆగిందో లేదో ఎవరికి తెలుస్తుంది? అత్తగారు చాలాసేపు గాలి దానంతట అది మళ్లీ వస్తుందని కూర్చున్నదట. తరువాత తలుపు గుంజింది. మా చిన్నవాడు దారిలో తలుపు తీస్తాడని వెనక తలుపులకు పిల్లల తాళం వేసి ఉంచాం, అది లోపలినుంచి తెరుచుకోదు. అద్దం దించుదామంటే కరెంటు లేదు. ఆమె కదిలేసరికి దొంగ పడ్డాడనుకుని కారు కూత మొదలుపెట్టింది. ఆ కూత విని నేను పరుగెత్తాను.

తలుపు తీసేసరికి ఆమె చీర కొంగంతా తడిసి ముద్దయింది. మొహం ఎర్రగా కమిలింది. మాట సరిగా రాలేదు. మూసిన కారులో పది నిమిషాలకే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. మన పాలమూరు మే నెల ఎండకు ఇంకో పది కలిపి చూడండి. పక్క చెప్పుల దుకాణమాయన కుర్చీ వేసి నీళ్లిచ్చాడు, తల మీద తడిగుడ్డ వేశాం. అరగంటకు తేరుకున్నది. ఇంకో పది నిమిషాలు నేను రాకపోతే? ఆ ఆలోచన నాకు రాత్రుళ్లు ఇప్పటికీ వస్తుంది.

మావారు కంపెనీ వాళ్లకు ఫోను చేసి గట్టిగా అడిగారు. మనిషి లోపల ఉన్నప్పుడు గాలి ఆగకుండా ఉంచే వీలు కారులో ఉన్నదట! తెర మీద మూడు అరలు దాటి లోపలికి పోతే కనపడుతుందట. కారు ఇచ్చిన రోజు పాటలు ఎట్లా పెట్టాలో అరగంట చూపించారు, ఇది చూపించలేదు. తెలియని మనదే తప్పన్నట్లు మాట్లాడారు. డెబ్బయి ఏళ్ల ఆమెకు మూడు అరలెక్కడ తెలుస్తాయి?

మీ ఇంట్లో కరెంటు కారు ఉంటే ఈ రోజే ఒక పని చేయండి. తాళం తీసుకుని దిగి, కొంత దూరం నడిచి, మీ కారు ఏం చేస్తుందో చూడండి. తనంతట తాను తాళం వేసుకుంటే ఆ ఏర్పాటును ఆపించండి. లోపలినుంచి తలుపు ఎట్లా తీయాలో, చాలా కార్లలో ముందు తలుపు పిడిని రెండుసార్లు లాగితే తెరుచుకుంటుంది, అది ఇంట్లో పెద్దవాళ్ల చేత, పిల్లల చేత ఒకటికి నాలుగుసార్లు లాగించండి. పెద్దవాళ్లు కూర్చునే వైపు పిల్లల తాళం తీసేయండి. కొత్తగా కొనేవాళ్లు సంతకం పెట్టే ముందే ఇవన్నీ అడిగి, చేయించి చూడండి.

మా అత్తగారు ఇప్పుడు నేను ఎక్కడ కారు ఆపినా ముందుగా చెయ్యి చాపుతుంది. "తాళం నా చేతికిచ్చి దిగు బిడ్డా" అంటుంది. తాళం లోపల ఉంటే మా కారు తలుపులు బిగించుకోదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమే కనిపెట్టింది.